ఢిల్లీలో ‘కలింగ’ అనే మాట

పెద్దలకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకు ఆశీస్సులు. శ్రీకాకుళంలో ఆదివారం సాయంత్రం ఇంతమంది గ్రంథాలయానికి వచ్చి కూర్చున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

మొన్న సంక్రాంతి వెళ్లాక మా హైస్కూలు పిల్లల్ని పద్నాలుగు మందిని ఢిల్లీ తీసుకువెళ్లాం. నేనూ, మా లెక్కల టీచరమ్మా. ఆ యాత్ర విశేషాలు చెప్పమన్నారు. ఎర్రకోట, కుతుబ్ మీనార్, ఇండియా గేట్ మీరంతా ఫోన్లలో చూసే ఉంటారు. వాటి దగ్గర నేను ఎక్కువ ఆగను. నేషనల్ మ్యూజియం వాకిట్లో ఒక రాయి ఉంది. ఈ సాయంత్రం ఎక్కువసేపు ఆ రాయి దగ్గరే నిలబడాలని వచ్చాను.

ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్లి, అక్కడ సమతా ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం. పార్వతీపురం, రాయగడ కొండలు, రాయపూర్, నాగపూర్. మర్నాడు హజరత్ నిజాముద్దీన్ స్టేషన్లో దిగేసరికి చలి ఎముకల్లోకి దిగింది. మన పిల్లలకి స్వెట్టర్ ఎక్కడుంటుంది చెప్పండి? సముద్రం ఒడ్డున పెరిగిన పిల్లలు. సగం మంది అమ్మ శాలువా కప్పుకుని వచ్చారు. మీరెవరైనా జనవరిలో వెళితే ముందు ఆ ఏర్పాటు చూసుకోండి.

మర్నాడు సోమవారం. పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని జన్‌పథ్‌లో మ్యూజియం గేటు దగ్గరికి వెళ్లాను. మూసి ఉంది. సోమవారం సెలవు. ఎర్రకోటకీ సోమవారమే సెలవు. ముందుగా కనుక్కోకపోవడం నా తప్పే. పద్నాలుగు మొహాలు నా వైపే చూస్తున్నాయి. సరే, ఫిరోజ్ షా కోట్లాకి పోదాం అన్నాను. క్రికెట్ స్టేడియం పేరుతో పిల్లలందరికీ తెలిసిన పేరు. ఆ స్టేడియం పక్కనే పాత కోట శిథిలాలున్నాయి. ఆ రోజు అక్కడికి వెళ్లడమే మంచిదైందని తరవాత తెలిసింది.

ఆ శిథిలాల్లో, మూడంతస్తులుగా మెట్లు మెట్లుగా కట్టిన ఒక కట్టడం మీద, నున్నటి రాతి స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది. పదమూడు మీటర్ల ఏకశిల. అది అశోకుడి స్తంభం. అయితే అశోకుడు దాన్ని ఢిల్లీలో పెట్టలేదు. ఇప్పటి హర్యానాలో తోప్రా అనే ఊళ్లో ఉండేది. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్ దాన్ని చూసి ముచ్చటపడి రాజధానికి తెప్పించుకున్నాడు. ఎలా తెచ్చారో ఆ కాలపు చరిత్రకారుడు అఫీఫ్ రాసిపెట్టాడు. స్తంభం చుట్టూ బూరుగు దూది గుట్టలుగా పోసి, మొదలు తవ్వి, మెల్లగా దూది మీదికి వాల్చారట. రెల్లు, పచ్చితోలు చుట్టారట. నలభై రెండు చక్రాల బండి మీదికెక్కించి, ఒక్కో చక్రానికి తాడు కట్టి, తాడుకి రెండు వందల మంది చొప్పున లాగారట. యమున ఒడ్డుకి చేర్చి, పెద్ద పడవల మీద నీళ్ల దారిన ఢిల్లీ తెచ్చారు.

మా లెక్కల టీచరమ్మ అక్కడికక్కడే లెక్క వేయించింది. నలభై రెండు ఇంటూ రెండు వందలు, ఎనిమిది వేల నాలుగు వందల మంది. తాళ్లు లాగడం అంటే ఏమిటో మన పిల్లలకి చెప్పాల్సిన పని లేదు. వల లాగేటప్పుడు ఊరంతా పట్టేదే కదా.

ఇంత కష్టపడి తెచ్చాక సుల్తానుకి దాని మీద ఏం రాసి ఉందో తెలుసుకోవాలనిపించింది. పండితుల్ని పిలిపించాడు. ఒక్కరికీ చదవడం రాలేదు. ఆ రాత అప్పటికే మనుషులకి మరపున పడిపోయింది. ఫిరోజ్ షా తరవాత ఇంకో నాలుగైదు వందల ఏళ్లు ఎవరికీ రాలేదు. 1837లో కలకత్తా టంకశాలలో పనిచేసే జేమ్స్ ప్రిన్సెప్ చదివాడు. ఆయన పట్టుకున్న కొస ఏమిటో చెబితే మీకు ముచ్చటేస్తుంది. సాంచి స్తూపం రాళ్ల మీద చిన్న చిన్న రాతలుంటాయి. చాలావాటి చివర అవే రెండు అక్షరాలు, పక్కనొక చుక్క. గుడికి ఎవరో ఏదో ఇచ్చి, ఆ రాయి మీద రాయించుకుంటే చివర ఏ మాట ఉంటుంది? మన ముఖలింగం గుడి గోడల మీదైనా, అరసవల్లిలో ఫ్యాన్ రెక్కల మీదైనా ఏ మాట ఉంటుంది? దానం! ఆ ‘దానం’ దొరికాక ద, న దొరికాయి. వాటిని పట్టుకుని ఆయన ఈ ఢిల్లీ స్తంభం మీదికి వచ్చాడు. ‘దేవానాం పియ పియదసి’ అని మొదలయ్యే మాటలు విచ్చుకున్నాయి. ఆ పియదసి అశోకుడేనని సింహళ గ్రంథాలు తెలిసిన జార్జ్ టర్నర్ చెప్పాడు. ప్రిన్సెప్ ఆ తరవాత మూడేళ్లకే పోయాడు. నలభై ఏళ్లు బతికాడంతే.

అశోకుడు రోడ్డుకి ఇరువైపులా చెట్లు నాటించెను. ఈ వాక్యం మీలో రాయనివాళ్లు ఎవరైనా ఉన్నారా? పరీక్షలో మార్కుల కోసం అందరం రాశాం. పిల్లలకి ఆ స్తంభం చూపించి, ఇదిగో, ఆ వాక్యం ఇక్కడిది అన్నాను. దాని మీద ఏడో శాసనం ఉంది. దారుల పక్కన మర్రిచెట్లు నాటించాను, పశువులకీ మనుషులకీ నీడ ఉంటుందని. మామిడి తోపులు వేయించాను. బావులు తవ్వించాను. ఇవన్నీ ఆయనే తన నోటితో చెప్పుకున్న మాటలు. బట్టీ పట్టిన వాక్యం రాతిలో కనిపించేసరికి పిల్లలు కాసేపు మాట్లాడలేదు.

గురువారాలు అక్కడికి జనం చీటీలు పట్టుకుని వస్తారట. ఆ శిథిలాల్లో జిన్నులున్నాయని నమ్మి, తమ కష్టాలు కాగితం మీద రాసి గూళ్లలో పెట్టి పోతారు. మేము వెళ్లింది సోమవారమైనా గోడల్లో మసిబారిన దీపాలు, మడతపెట్టిన కాగితాలు కనిపించాయి. పిల్లలు తీసి చూడబోతే వద్దన్నాను. ఎవరి బాధ వాళ్లది.

ఇక మంగళవారం.

మ్యూజియం ఆవరణలోకి అడుగుపెడితే, లోపలికి వెళ్లకముందే బయట ఒక పెద్ద బండ కనిపిస్తుంది. చాలామంది దాన్ని దాటుకుని టికెట్ల వైపు వెళ్లిపోతారు. అది గుజరాత్‌లో జునాగఢ్ దగ్గర గిర్నార్ కొండ కింద ఉన్న అశోకుడి శాసన శిలకి నకలు. మా పిల్లల్లో ఒకడు ఎచ్చెర్ల మండలం తీర గ్రామం నుంచి వస్తాడు. వాడే ముందు ఆగాడు. “మాస్టారూ, ఈ రాయి మీదేటి ఇన్ని కూడిక గుర్తులున్నాయి?” అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే నేను ఢిల్లీ దాకా వచ్చాననిపించింది. బ్రాహ్మీ లిపిలో ‘క’ అంటే కూడిక గుర్తే. నిలువు గీత, అడ్డ గీత. అలాగే ‘గ’ అంటే చిన్న గుడారంలా ఉంటుంది. ఇంటి దగ్గరే శాసన పాఠం ప్రింటు తీసి పట్టుకెళ్లాను. ఈ రాతి మీద ‘కలింగ’ అని మన ప్రాంతం పాత పేరు ఉంది, వెతకండి అన్నాను. పద్నాలుగు మందీ రాయి చుట్టూ మూగారు. కూడిక గుర్తులు పట్టుకుని, కొంచెం అవతల గుడారం ఉందా లేదా అని చూసుకుంటూ పోయారు. అరగంట పట్టింది. నా సాయం కూడా పట్టిందనుకోండి. చివరికి పదమూడో శాసనంలో దొరికింది.

ఆ శాసనం ఏం చెబుతుంది? పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకి దేవానాంప్రియుడు కలింగం గెలిచాడు. అంటే క్రీస్తుకి పూర్వం 261 ప్రాంతం. లక్షా యాభై వేల మందిని అక్కడినుంచి తరలించుకుపోయారు. లక్ష మందిని చంపారు. అంతకి ఎన్నో రెట్లు మరణించారు. గిర్నార్ రాతిలో ఈ భాగం కొంత విరిగిపోయింది గానీ ‘సతసహస్ర’ అనే మాట మిగిలింది. శతసహస్రం, లక్ష. అలా గెలిచినందుకు నాకు పశ్చాత్తాపం కలిగింది అంటాడు. ఆనాడు చచ్చినవాళ్లలో నూరో వంతు, వెయ్యో వంతు మందికి ఇప్పుడు ఆ గతి పట్టినా నాకు భారమే అంటాడు.

నేను ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. కళింగ యుద్ధం, అశోకుడి మనస్సు మారుట, బౌద్ధము స్వీకరించుట. ఎప్పుడూ అశోకుడి వైపు నుంచే చెప్పాను. ఆ రోజు ఆ రాతి దగ్గర పిల్లలు నిలబడి ‘కలింగ’ అనే మాట మీద వేలు పెట్టినప్పుడు నాకు మొదటిసారి అనిపించింది, చచ్చిపోయిన ఆ లక్ష మంది మనవాళ్లు కదా అని. వంశధార, నాగావళి ఒడ్డున పొలం దున్నుకునేవాళ్లు, ఒడ్డున వల వేసేవాళ్లు. వాళ్లలో ఒక్కడి పేరు కూడా ఎక్కడా లేదు. లెక్క ఒక్కటే ఉంది.

ఇంకో సంగతి. ఆ శాసనం అటవీ ప్రజల గురించి కూడా మాట్లాడుతుంది. వాళ్లనీ మంచి మాటలతోనే దారికి తెస్తాను అంటూనే, పశ్చాత్తాపంలో ఉన్నా నాకు బలం ఉందని వాళ్లకి తెలియజేస్తున్నాను అంటాడు. సిగ్గు తెచ్చుకోకపోతే చావు తప్పదని హెచ్చరిక. మన ఏజెన్సీ నుంచి వచ్చిన సవర అమ్మాయి ఒకతె మాతో ఉంది. ఆ భాగం వివరించేటప్పుడు నేను దాటేయకూడదనుకున్నాను. దాటేయలేదు.

అసలు గిర్నార్ రాయి ఎక్కడుందో ఆ ఎచ్చెర్ల అబ్బాయికి చెప్పాను. వేరావల్ రేవుకి వంద కిలోమీటర్ల లోపే. వాడి మొహం మారిపోయింది. “మా నాన్న అక్కడే బోటు మీద ఉంటాడు మాస్టారూ” అన్నాడు. మీకు తెలుసు కదా, మన తీరం నుంచి ఏటా ఎంతమంది వేరావల్ పోతారో. 2018 నవంబరులో అలా వేటకి వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి చేరారు. ఆ పధ్నాలుగు నెలలు మన ఊళ్లు ఎలా ఉన్నాయో ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరికి బాగా తెలుసు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, లోపలికి వెళ్లగానే హరప్పా గ్యాలరీలో మొహెంజొదారో నగలున్నాయి. దేశ విభజనప్పుడు మ్యూజియం వస్తువుల్నీ పంచారు. బంగారు పూసలు, పచ్చరాళ్లు గుచ్చిన ఒకే హారాన్ని తెంపి, సగం ఇటు, సగం అటు ఇచ్చారు. కెంపురంగు రాళ్ల వడ్డాణం కూడా అంతే. గడ్డం మనిషి బొమ్మ ఒకటి పుస్తకాల్లో చూసి ఉంటారు, పూజారి రాజు అంటారు, అది పాకిస్తాన్‌కి పోయింది. నాట్యం చేసే అమ్మాయి బొమ్మ మనకి వచ్చింది. నాలుగున్నర వేల ఏళ్లు మట్టిలో కలిసి ఉన్న పూసల్ని మనం విడదీసుకున్నాం. ఆ సగం హారం ముందు ఆ అబ్బాయి ఎంతసేపు నిలబడ్డాడో నేను చూశాను.

నాట్యం చేసే అమ్మాయి బొమ్మ 1926లో తవ్వకాల్లో దొరికింది. పుస్తకంలో పేజీ నిండా ఉంటుంది కాబట్టి నిలువెత్తు ఉంటుందని పిల్లలనుకున్నారు. పది సెంటీమీటర్లు దాటి కాస్త. అరచేతిలో ఇమిడిపోతుంది. “ఇంత చిన్నదేటి!” అన్నారు. ఎడమ చేతి నిండా గాజులు, నడుం మీద చెయ్యి, ఎవరికీ జంకని మొహం. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి మెత్తి, కాల్చితే మైనం కరిగిపోయి లోపల ఖాళీ అచ్చు మిగులుతుంది, అందులో కరిగిన కంచు పోస్తారు అని చెబుతుంటే, బుడితి నుంచి వచ్చిన పిల్ల అడ్డొచ్చింది. వాళ్ల తాత ఇత్తడి సామాన్లు పోస్తాడు. కొలిమి దగ్గర ఎలా కూర్చోవాలో, లోహం ఏ రంగుకి వచ్చాక పోయాలో ఆ పిల్లే మిగతా వాళ్లకి చెప్పింది. అక్కడ నేను కూడా విద్యార్థినే అయ్యాను.

మ్యూజియం పుట్టుక గురించి రెండు ముక్కలు. 1947-48లో లండన్‌లో భారతీయ కళల ప్రదర్శన జరిగింది. దానికోసం దేశం నలుమూలల నుంచీ శిల్పాలు, బొమ్మలు సేకరించారు. తిరిగొచ్చాక ఎక్కడివక్కడికి పంపేయకుండా, ఇప్పుడు రాష్ట్రపతి భవన్ అంటున్న కట్టడంలో పెట్టి, 1949 ఆగస్టు 15న రాజాజీ చేత తెరిపించారు. ఇప్పుడున్న భవనానికి నెహ్రూ 1955లో శంకుస్థాపన చేస్తే, 1960 డిసెంబరు 18న ఉపరాష్ట్రపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన ఆయనే. ఇప్పుడు దీన్ని నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్ భవనాల్లోకి మార్చి ‘యుగే యుగీన్ భారత్’ పేరుతో పెద్ద మ్యూజియం చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

రెండు లక్షలకి పైగా వస్తువులున్న చోటు అది. ఒక్క రోజులో అన్నీ చూద్దామని పరిగెత్తకండి. మేము నాలుగైదు చోట్లే ఆగాం. రాఖీగఢీ తవ్వకంలో దొరికిన ఒక స్త్రీ అస్థిపంజరం ఉంది, పక్కన ఆమె కుండలతో సహా. పిప్రాహ్వా స్తూపంలో దొరికిన బుద్ధుడి ధాతువులు, అంటే ఎముకల అవశేషాలు, ఉన్నాయి, థాయిలాండ్ వాళ్లు చేయించి ఇచ్చిన బంగారు మందిరంలో. అక్కడ విదేశీ భక్తులు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థిస్తున్నారు. మన నాగార్జునకొండ శిల్పాలున్నాయి. ఆ రాయి చూడగానే మన రాయని తెలిసిపోతుంది, లేత ఆకుపచ్చ ఛాయ.

అక్కడ నిలబడి ఒక పిల్ల అడిగింది, మన శాలిహుండం కూడా ఇలాంటిదేనా మాస్టారూ అని. అవును. మనకి ఇరవై మైళ్లలో వంశధార ఒడ్డున కొండ మీద స్తూపాలున్నాయి, మ్యూజియం ఉంది. 1919లో ఆ చోటు సంగతి లోకానికి చెప్పింది గిడుగు రామమూర్తి పంతులు గారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మన గిడుగు. పద్నాలుగు మందిలో శాలిహుండం చూసినవాళ్లు ఇద్దరు. ఆ సంగతి ఢిల్లీలో తెలిసింది నాకు. వాళ్ల టీచర్ని నేను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఆంధ్ర భవన్‌కి నడిచాం. దాని అడ్రసు ఒకటో నంబరు, అశోకా రోడ్డు. పొద్దుటినుంచీ అశోకుడితోనే ఉన్నాం కదా, ఆ బోర్డు చూసి పిల్లలు నన్ను చూశారు. పప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి కడుపారా తిన్నారు. ఇంటి అన్నం దొరికేసరికి వాళ్ల మాట కూడా పెద్దదయింది.

బుధవారం మెహ్రౌలీలో తుప్పు పట్టని ఇనుప స్తంభం చూశాం. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ, దాంతో పైన పల్చటి పొర కట్టి కాపాడుతోందని శాస్త్రవేత్తలు చెబుతారు. తరవాత కుతుబ్, హుమాయూన్ సమాధి. సాయంత్రం మాత్రం ఎవరూ చూపించని చోటుకి తీసుకెళ్లాను. ఈస్ట్ ఆఫ్ కైలాష్ దగ్గర, ఇళ్ల మధ్య చిన్న పార్కులో, ఒక బండ మీద అశోకుడి చిన్న శాసనం ఉంది. 1966లో బయటపడింది. మెట్రో రైళ్లు, ఫ్లయ్ ఓవర్లు ఉన్న అంత మహానగరంలో ఆ రాయి పుట్టిన చోటే ఉంది. మేము తప్ప ఆ సమయంలో ఎవరూ లేరు. పిల్లలు ఇప్పుడు నన్ను అడగలేదు. వాళ్లే వంగి కూడిక గుర్తులు వెతుక్కున్నారు.

అమ్మా, మీరు చెయ్యెత్తారు, అడగండి. అవును... మంచి ప్రశ్న. యుద్ధం జరిగింది మన నేలలో కదా, ఆ శాసనం గుజరాత్‌లో ఎందుకుంది, మన దగ్గర ఎందుకు లేదు అంటున్నారు.

ఇదే నేను చెప్పాలనుకున్నది. పదమూడో శాసనం గిర్నార్‌లో ఉంది, పెషావర్ వైపు ఉంది, మన రాష్ట్రంలోనే ఎర్రగుడిలో ఉంది. కలింగంలో అశోకుడు శాసనాలు చెక్కించిన పెద్ద బండలు రెండు. ఒకటి భువనేశ్వర్ దగ్గర ధౌలి. రెండోది ఇచ్ఛాపురం దాటాక, బరంపురం అవతల, ఋషికుల్య ఒడ్డున జౌగడ. ఆ రెండు చోట్లా పదకొండు నుంచి పదమూడు దాకా శాసనాలు చెక్కించకుండా వదిలేశారు. ఎంతమందిని చంపాడో ఆ నేల మీద చెప్పలేదు. ఎందుకో రాసి లేదు. దుఃఖంలో ఉన్నవాళ్ల ముందు ఆ లెక్క చదవడానికి నోరు రాలేదేమో అని నేననుకుంటాను. మళ్లీ తిరగబడతారన్న భయం కూడా కావచ్చు.

వాటి బదులు అక్కడ వేరే శాసనాలు రెండు చెక్కించాడు. “సవే మునిసే పజా మమా” అని ఉంటుంది. మనుషులందరూ నా ప్రజ. ఇక్కడ ప్రజ అంటే సంతానం, బిడ్డలు. అధికారులకి చెబుతున్నాడు ఆ మాట. కారణం లేకుండా ఎవర్నీ ఖైదులో పెట్టకండి, హింసించకండి. అసూయ, కోపం, కర్కశత్వం, తొందరపాటు, సోమరితనం ఉంటే న్యాయం చేయలేరు, అవి మీకు లేకుండా చూసుకోండి. తిష్య నక్షత్రం, అంటే మన పుష్యమి, వచ్చిన రోజుల్లో దీన్ని అందరికీ చదివి వినిపించాలి. మధ్యలో కూడా, వినడానికి ఒక్కడున్నా సరే, వినిపించాలి.

ఢిల్లీ వెళ్లొచ్చి మూడు నెలలైంది. జౌగడ మనకి ఢిల్లీ కంటే ఎంతో దగ్గర. పొద్దున వెళితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వెళ్లలేదు. వచ్చే పుష్యమి నాడు వెళుతున్నాను. శాసనం తెలుగులో రాసుకున్నాను, ఆ బండ ముందు నిలబడి పైకి చదువుతాను. పిల్లలు పద్నాలుగు మందీ వస్తామన్నారు. ఇక్కడినుంచి వచ్చేవాళ్లు బయట బల్ల దగ్గర పేర్లు ఇవ్వండి. అన్నం, నీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి, అక్కడ ఏమీ దొరకదు. దారిలో శాలిహుండం కూడా చూద్దామని ఆ ఇద్దరు పిల్లలు అడిగారు. చీకటితోనే బయల్దేరితే రెండూ అవుతాయి. నాలుగు గంటలకి బస్సు ఈ గ్రంథాలయం ముందుకే వస్తుంది.